48 పౌండ్లు అన్నారు, 45.2 తేలాయి: ఒక లారీ జీడిపిక్కలతో నా 56 రోజులు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మాది చిన్న జీడి ఫ్యాక్టరీ. కటింగుకీ పీలింగుకీ కలిపి ముప్పై మంది ఆడవాళ్ళు పనికొస్తారు. లెక్కలు మా బావమరిది చూస్తాడు, కొనుగోళ్ళు నేను చూస్తాను. ఇన్నేళ్ళూ పిక్కలు మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల నుంచే కొన్నాం. రైతెవరో తెలుసు, తోటేదో తెలుసు. బస్తా మూతి విప్పి గుప్పెడు పిక్కలు చేతిలో ఆడిస్తే లోపల పప్పు ఎలా ఉందో చెప్పేవాణ్ణి. ఈ ఏడాది మొదటిసారి ఆఫ్రికా పిక్క కొన్నాను. ఒక్క లారీ. దాని లెక్క తేలడానికి 56 రోజులు పట్టింది. మా వీధిలోనే ఇంకో ఇద్దరు ఇదే దారిలో ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎందుకు కొన్నానంటే, మే దాటితే మా ఉద్దానం పిక్క అయిపోతుంది. ఉన్నది దాచుకున్నవాళ్ళ దగ్గరే ఉంటుంది, ధర వాళ్ళు చెప్పిందే. జూన్ మొదటి వారంలో నాకు 80 కిలోల బస్తా 12,800 చెప్పారు. రైతులు కొన్నేళ్ళుగా 16 వేలు అడుగుతున్నారు, తిత్లీ తుఫాను తర్వాత వాళ్ళ తోటలు చూసినవాణ్ణి కాబట్టి అది అత్యాశ అని నేను అనను. కానీ పప్పు ధర నా చేతిలో లేదు. పైగా విజయనగరంలో ఒక హోల్‌సేల్ వ్యాపారికి శ్రావణమాసం కోసం 320 రకం (పౌండుకు 320 దాకా తూగేది) గుండు పప్పు 60 డబ్బాలు ఇస్తానని ఒప్పుకున్నాను. డబ్బా అంటే పది కిలోలు.

జూన్ 9న బ్రోకరు ఫోన్ చేశాడు. విశాఖపట్నంలో ఒక ఇంపోర్టరు దగ్గర ఐవరీ కోస్ట్ సరుకు ఉంది తమ్ముడూ, బస్తా 11,200 పడుతుంది అన్నాడు. అరగంటలో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: 16 టన్నులు, ఔట్‌టర్న్ 48, కౌంటు 200, తేమ 10 లోపు, టన్ను 1,40,000, జీఎస్టీ అదనం, క్వాలిటీ లోడింగ్ దగ్గరే ఫైనల్. చివరి ముక్క, అంటే లారీకి ఎక్కాక క్వాలిటీ మీద మాట ఉండదని, నేను చదివాను. చదివి, అందరూ అలాగే రాస్తారులే అనుకున్నాను. "ఓకే" అని కొట్టాను. మా సౌదా మొత్తం అంతే. కాగితం లేదు, సంతకం లేదు.

ఔట్‌టర్న్ 48 అంటే 80 కిలోల పిక్కలో పొరతో సహా పనికొచ్చే పప్పు 48 పౌండ్లు, అంటే 21.77 కిలోలు వస్తుందని. కౌంటు అంటే కిలోకి ఎన్ని పిక్కలో. ధరను బస్తా లెక్కన కాకుండా పౌండు లెక్కన చూడాలి. 11,200ను 48తో భాగిస్తే పౌండు 233 రూపాయలు. మా ఊరి పిక్క కోసి చూస్తే 49 వచ్చింది, 12,800 ధరకు పౌండు 261. ఆ 28 రూపాయల తేడా చూసే నేను పడిపోయాను.

డబ్బు మూడు ముక్కలు. సౌదా నాడు 10 శాతం, 2,24,000. లారీ కదిలే ముందు 85 శాతం, దాంతో పాటు మొత్తం సరుకు మీద 5 శాతం జీఎస్టీ, కలిపి 20,16,000. మిగిలిన 5 శాతం, 1,12,000, సరుకు దిగిన 15 రోజుల్లో. ఆ చివరి 5 శాతం బ్రోకరే పెట్టించాడు, నేను అడగలేదు. తర్వాత ఆయన మీద నాకు వంద కోపాలు వచ్చాయి గానీ ఈ ఒక్కదానికి మాత్రం దండం పెట్టుకోవాలి.

జూన్ 14న విశాఖ గోడౌనులో శాంపిల్ కోస్తాం, రమ్మన్నారు. వెళ్ళలేదు. ఆ రోజు మా బాయిలరు రిపేరు, మెకానిక్ దొరక్క దొరక్క దొరికాడు. సాయంత్రం వీడియో పంపారు. ఎవరివో చేతులు టకటకా పిక్కలు కోస్తున్నాయి, త్రాసు మీద అంకెలు కనిపిస్తున్నాయి. 47.6 వచ్చింది. 48కి అంత దగ్గరుంటే ఇంకేం కావాలి? జూన్ 17న ఆర్టీజీఎస్ చేసేశాను.

18 రాత్రి పది చక్రాల లారీ బయల్దేరింది. రాత్రి రెండింటికి డ్రైవరు మడపాం టోల్‌గేటు దగ్గర ఉన్నానని ఫోన్ చేశాడు. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. 19 పొద్దున కాటా వేయిస్తే 15,870 కిలోలు వచ్చింది, బిల్లులో 16,000. అర శాతం తరుగు మామూలే అన్నాడు బ్రోకరు. ఆ 80 పోయినా ఇంకో 50 కిలోలు, ఏడు వేల రూపాయలు. పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. కళాసీలు మధ్యాహ్నానికి 200 బస్తాలు దించి ఒకదాని మీద ఒకటి నెట్టు వేశారు. బస్తాకు 12 చొప్పున 2,400.

20న నెట్టు పైనుంచి నాలుగు బస్తాలు తీసి ఉడికించాం. ఇక్కడ నేను చేసిన తప్పు: కోసి చూడకుండా ఉడికించడం. వీడియో చూశాం కదా అని. ఒక రాత్రి ఆరబెట్టి 21న కటింగుకు ఇస్తే, పదకొండు గంటలకు కటింగు దగ్గర పెద్దామె నన్ను పిలిచింది. అరచేతిలో పప్పు చూపించి, "ఏటి బాబూ ఇది, పప్పా పెసరా?" అంది. చిన్నవి, ముడతలు పడినవి, కొన్నిటికి నల్లమచ్చ. చేతికి రాసుకున్న ఆముదం ఆ పప్పుకి అంటి ఇంకా నల్లగా కనపడింది అనుకుందామని చూశాను. కాదు.

22న నేనే కూర్చుని కోశాను. పదిహేను బస్తాల నుంచి తీసి, కలిపి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు మళ్ళీ కలిపి, అలా తగ్గించుకుంటూ కిలో దగ్గర ఆపాను. కిలోకి 220 పిక్కలు ఉన్నాయి. మంచి పప్పు 236 గ్రాములు. మచ్చలవి, లేతవి 28 గ్రాములు, వాటిలో సగమే లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి 14. మొత్తం 250. దాన్ని 80తో హెచ్చవేసి 453.6తో భాగిస్తే 44.1. మూడుసార్లు భాగించాను. నా వేళ్ళకి జీడి అంటి వారం రోజులు తోలు ఊడింది. ఇంట్లో అన్నం చెంచాతో తిన్నాను.

ఫోటోలు, లెక్క అన్నీ పంపాను. బ్రోకరు "చూస్తా తమ్ముడూ" అన్నాడు. తర్వాత అయిదు రోజులు ఎవరి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఈ అయిదు రోజులే నాకు అన్నిటికంటే కష్టంగా గడిచాయి. సరుకు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే "వాడేసుకున్నావు కదా" అంటారు. ముట్టుకోకపోతే ఆడవాళ్ళకి పని లేదు. కిలో లెక్కన కూలి కాబట్టి పని లేకపోతే వాళ్ళకి డబ్బు లేదు, నాలుగో రోజు నుంచి వేరే ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. 24న మా ఊరి పిక్కే 30 బస్తాలు 12,800 పెట్టి కొన్నాను. 3,84,000. ఏ ధర తప్పించుకుందామని ఆఫ్రికా దాకా వెళ్ళానో చివరికి అదే ధర. బ్యాంకు క్యాష్ క్రెడిట్‌లో 11 శాతం వడ్డీకి తీసిన 22,40,000 గోడౌనులో పడుంది. రోజుకు 675 రూపాయలు. ఈ అంకె మా బావమరిది రోజూ పొద్దున్నే టీ తాగుతూ గుర్తు చేసేవాడు.

27న జవాబు వచ్చింది. నేను "ఓకే" కొట్టిన మెసేజే తిరిగి నాకు పంపారు. చివరి ముక్క కింద గీత గీసి.

జూలై 1న రైలెక్కి విశాఖ వెళ్ళాను. ఆఫీసులో మూడు గంటలు కూర్చోబెట్టారు. రెండుసార్లు టీ ఇచ్చారు, మనిషి మాత్రం రాలేదు. చివరికి ఇంపోర్టరు వచ్చి, మర్యాదగానే, ఒక మాట అన్నారు: "44 అనే అనుకుందామండీ. పౌండు 254 పడింది మీకు. మీ ఊరి పిక్క 261. ఇంకా మీకే లాభం కదా, గొడవెందుకు?" నిజం చెప్పాలంటే ఒక నిమిషం నా నోట మాట రాలేదు, లెక్క సరిగ్గానే ఉంది మరి. తర్వాత చెప్పాను. అయ్యా, నేను కొన్నది చవక సరుకు కాదు, 48 సరుకు. కౌంటు 200 అంటేనే అందులో 320 గుండు వస్తుంది, 220 అయితే 450 వస్తుంది, ఆ రకాన్ని నా విజయనగరం పార్టీ తీసుకోడు. ఆయన తన వీడియో చూపించారు. నేను నా ఫోటోలు చూపించాను. ఆయన కళ్ళలో నేను 5 శాతం ఎగ్గొట్టే మోసగాణ్ణి, నా కళ్ళలో ఆయన వీడియో తీసి మాయ చేసినవాడు. అలా కూర్చున్నాం కాసేపు.

సర్వేయరును పెడదామన్నాను. వాళ్ళు వచ్చేది పది రోజుల తర్వాత, ఖర్చు ఎవరిదో తేలలేదు. ఆఖరికి బ్రోకరు ఒక దారి చెప్పాడు. కాశీబుగ్గలోనే ముప్పై ఏళ్ళ నుంచి ఫ్యాక్టరీ నడుపుతున్న ఒక పెద్దాయన ఉన్నారు, ఇంపోర్టరు దగ్గర ఆయనా కొంటారు. ఆయన ఎదుట కోద్దాం, ఎంత వస్తే అంతకు కట్టుబడదాం. ఇద్దరం ఒప్పుకున్నాం. ఈ లోపు జూలై 4న 15 రోజుల గడువు అయిపోయిందని వాళ్ళ అకౌంటెంటు రోజుకు రెండుసార్లు ఫోన్. నేను ప్రతిసారీ ఒకటే మాట మెసేజ్‌లో రాసి పెట్టాను: క్వాలిటీ తేలాక ఇస్తాను. ఫోన్‌లో చెప్పి ఊరుకోలేదు.

జూలై 8న ఇంపోర్టరు స్వయంగా వచ్చారు. కారు దిగి ముందు నెట్టు చుట్టూ తిరిగి చూశారు. పెద్దాయన వచ్చి, "పైనుంచి తీయడం కుదరదు నాయనా, మొత్తం దింపించు" అన్నారు. అంటే మళ్ళీ కళాసీలు, మళ్ళీ రెండు వేల పైచిలుకు. దింపుతుండగా కళాసీ మేస్త్రి నా పక్కకు వచ్చి మెల్లిగా అన్నాడు, "బాబూ, ఇవి రెండు రకాల కుట్లు."

చూస్తే నిజమే. కొన్ని బస్తాల మూతి నీలం ప్లాస్టిక్ దారంతో కుట్టి ఉంది, కొన్నిటికి పురికొస. ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "దించిన్నాడే సూసినాం బాబూ, తమరు అడగనేదు" అన్నాడు.

రెండూ వేరు చేయించాం. నీలం దారంవి 128. పురికొసవి 68, నేను ఉడికించిన నాలుగింటి ఖాళీ గోనెలు మూల పడున్నాయి, వాటి మూతికి పురికొస ఇంకా వేలాడుతోంది, అవి కలిపి 72. ఆ గోనెలు పారేసి ఉంటే నాలుగు బస్తాల మీద ఇంకో గంట వాదన నడిచేది. రెండిటినీ విడివిడిగా కోశాం. నీలం వాటి నుంచి 13 బస్తాలు, పురికొస వాటి నుంచి 7. కోసింది ఇంపోర్టరు తెచ్చిన మనిషీ, మా పెద్దామె. తూచింది పెద్దాయన. నీలం దారం 47, కౌంటు 198. పురికొస 42, కౌంటు 236.

ఇంపోర్టరు అక్కడే నిలబడి గోడౌనుకు ఫోన్ చేశారు. నేను వినాలనే కాబోలు స్పీకరు పెట్టారు. సంగతి ఇదీ: అంతకు ముందు లాటులో మిగిలిన 72 బస్తాలు దారికి అడ్డంగా ఉన్నాయని అక్కడి సూపర్‌వైజరు ముందు వాటిని లారీలో వేసి, ఆపైన అసలు లాటు నుంచి 128 నింపాడు. వీడియోలో కోసింది అసలు లాటు. లారీలో అడుగున ఉన్నవి ఆఖర్న దిగాయి, మా నెట్టులో పైకొచ్చాయి, నేను పైనుంచే ఎక్కువ తీశాను. అందుకే ఆయనకు 47.6, నాకు 44.1. ఇద్దరివీ నిజం లెక్కలే. ఆయన ఫోన్‌లో సూపర్‌వైజరును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, నాకు ఆ రోజు కడుపు నిండా అన్నం సహించింది.

పెద్దాయన సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క వేశారు. 128ని 47తో, 72ని 42తో హెచ్చవేసి కలిపితే 9,040, దాన్ని 200తో భాగిస్తే 45.2. చెప్పిన 48కి 2.8 తక్కువ. 22,40,000 మీద ఆ పాళ్ళలో 1,30,667. నేను 72 బస్తాలు వెనక్కి తీసుకోమన్నాను. లారీ కిరాయి, మళ్ళీ ఈ-వే బిల్లు, నాలుగు బస్తాలు ఉడికించేశారు అంటూ ఆయన ఒప్పుకోలేదు. జూలై 12న కాగితం రాసుకున్నాం. ధరలో 1,30,667 తగ్గింపు, తరుగు ఏడు వేలు నేను వదులుకోవాలి, వడ్డీ ఊసు ఎత్తకూడదు. సరుకు దిగిన నాటి నుంచి 23 రోజులు, వడ్డీయే 15,525. ఎత్తలేదు.

అయిపోయింది అనుకున్నాను. మా ఆడిటరు కాలేదన్నాడు. నేను డెబిట్ నోటు రాసుకుంటే నా పుస్తకంలో ధర తగ్గుతుంది, అంతే. జీఎస్టీ లెక్కలో క్రెడిట్ నోటు ఇవ్వాల్సింది అమ్మినవాళ్ళు. వాళ్ళు దాన్ని తమ రిటర్నులో చూపించాలి, నేను ముందే వాడుకున్న పన్నులో 6,533 వెనక్కి కట్టాలి. పన్నుతో కలిపితే తగ్గింపు 1,37,200. నా దగ్గర ఆపుకున్నది 1,12,000. అంటే ఆయనే నాకు 25,200 ఇవ్వాలి. క్రెడిట్ నోటు జూలై 15 తేదీతో ఇచ్చారు. జూలై రిటర్ను ఆగస్టు 11 లోపు వేస్తారు, నా 2బీలో, అంటే అమ్మినవాళ్ళు చూపించింది నాకు కనపడే జీఎస్టీ పట్టీలో, 14న కనపడుతుంది అని ఆడిటరు చెప్పాడు. సరిగ్గా ఆగస్టు 14నే కనపడింది. ఆ నెల రోజులూ ఇంపోర్టరు ఆఫీసుకి నేను ఫోన్ చేయలేదు, మా బావమరిది చేశాడు. నేను చేస్తే ఏదో ఒకటి అనేస్తానని.

విజయనగరం ఆర్డరుకు తేదీ లోపల 41 డబ్బాలే తయారయ్యాయి. మిగతా 19 పక్క ఫ్యాక్టరీలో కొని ఇచ్చాను. డబ్బాకు 90 రూపాయలు నష్టం, 1,710. ఆ పార్టీకి ఈ కథంతా తెలియదు, తెలియనివ్వలేదు. పురికొస బస్తాల పప్పు ఎక్కువగా 450, బద్ద, ముక్కగా పోయింది. స్వీటు షాపులవాళ్ళు తీసుకున్నారు, ఇంకా ఆరు డబ్బాలు ఉన్నాయి.

25,200 నగదుగా ఇవ్వలేదు. తర్వాతి బిల్లులో సర్దుతానన్నారు. అంటే మళ్ళీ ఆయన దగ్గరే కొనాలి. ఇది ఆయన తెలివి, నాకు తెలుసు. మావాళ్ళు చాలామంది ఆ 25 వేలు పోతే పోయాయి, ఆ గుమ్మం తొక్కకు అన్నారు. నేను ఇంకో లారీ మాట్లాడాను. సర్దుబాటు కోసం కాదు. జూలై 8న ఆయన రాకుండా మనిషిని పంపి ఉంటే ఇప్పటికీ మేం మెసేజ్‌లు పంపుకుంటూ ఉండేవాళ్ళం. కారేసుకుని వచ్చి, తన మనిషి తప్పును నా ఎదుటే స్పీకరు పెట్టి తేల్చిన సప్లయరు నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు? అయితే ఈసారి కాగితం మీద రాయించాను: క్వాలిటీ కాశీబుగ్గలో దించాక ఇద్దరి ఎదుట కోసి తేల్చాలి, 45 కంటే తగ్గితే వెనక్కి, మొత్తం ఒకే లాటు, పౌండు తగ్గితే ఆ పాళ్ళలో ధర తగ్గింపు. ఆఖర్న ఆపుకునేది 10 శాతం అడిగాను, బేరమాడి 7 దగ్గర ఆగాం.

వచ్చే వారం లోడింగుకు విశాఖ వెళ్తున్నాను. కళాసీ మేస్త్రిని వెంట తీసుకెళ్తున్నాను. రోజు కూలి 900, భోజనం, రైలు టికెట్టు. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలని మా బావమరిది నిన్నటి నుంచి అడుగుతున్నాడు.